ఒకటీ, ఏడింట మూడు

1978లో నేను విశాఖపట్నంలో ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్‌గా పనిచేస్తున్నాను. ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. మా ఆఫీసు ద్వారకా నగర్‌కి కాస్త ఇవతల, ఒక పాత మేడలో ఉండేది. కింద కంపోజింగ్, మిషను. పైన మా డెస్క్. టెలిప్రింటర్ మీద ఇంగ్లీషులో వచ్చే వార్తల్ని తెలుగు చేసి, కుదించి, శీర్షిక పెట్టి కిందికి పంపడం నా పని. డిగ్రీలో లెక్కలు చదివానని ఎవరో చెప్పడంతో ఎడిషన్ ఇన్‌చార్జి నన్ను పిలిచి ఇంకో పని కూడా అప్పగించారు. ప్రతి గురువారం ఆరో పేజీలో రెండు కాలమ్‌ల 'లెక్కల మూల'.

అది పదో తరగతి పిల్లల కోసమని మేం అనుకునేవాళ్ళం. కాని వచ్చే పోస్టుకార్డులు చూస్తే సంగతి వేరుగా ఉండేది. సగం కార్డులు గాజువాక నుంచి, రేవు వైపు నుంచి, ఫ్యాక్టరీల కాలనీల నుంచి వచ్చేవి. అప్పట్లో ప్రతి కర్మాగారంలోనూ ట్రేడ్ టెస్టులుండేవి. ఖలాసీగా చేరినవాడు ఒక మెట్టు ఎక్కాలంటే ఆ పని తెలుసునని రాత పరీక్షలో చూపించాలి. పొలం పని వదిలి వచ్చి ఫ్యాక్టరీలో చేరిన మనుషులు, ఏడో ఎనిమిదో చదివి ఆపేసినవాళ్ళు, బీజగణితం ఎక్కడ నేర్చుకుంటారు? మా పేపరు దగ్గర నేర్చుకునేవాళ్ళు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి గర్వపడేవాణ్ణి కూడా.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి మిశ్రమాల లెక్కలు. పాలల్లో నీళ్ళు, రెండు రకాల బియ్యం, పలచటి యాసిడ్‌లో చిక్కటి యాసిడ్. వీటి కీలకం ఒక్కటే. ఎంత కలపాలో తెలియదు కనుక దాన్ని ఎక్స్ అనుకుంటాం. కలపక ముందు రెండు పాత్రల్లో ఉన్న అసలు సరుకు, కలిపాక ఒక్క పాత్రలో ఉన్న అసలు సరుకు, రెండూ సమానం. ఎక్కడికీ పోదు. ఆ సమానాన్ని కాగితం మీద పెట్టగలిగితే లెక్క అయిపోయినట్టే. దీన్ని నేను బాగా చెప్పేవాణ్ణని ఇప్పటికీ అనుకుంటాను. చిక్కంతా చివరి పంక్తి దగ్గర వచ్చేది.

మా ఫోర్మన్ పేరు భూషణం. అరవైకి దగ్గర పడ్డవాడు. సీసపు అచ్చు అక్షరాలుండే గళ్ళ పెట్టెని కేసు అంటారు. ఆ కేసు ముందు నిలబడి కళ్ళు మూసుకుని కూడా అక్షరాలు ఏరగలడు. మొదటి వారమే నా కాగితం పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

"ఇదేటి బాబూ, ఏడు మీద మూడు? నా కేసులో అర ముక్క ఉంది, పావుంది, ముప్పావుంది. ఇంకేటీ నేవు."

"దశాంశంలో వేద్దామా భూషణం గారూ? ఒకటి, చుక్క, నాలుగు, మూడు."

"సుక్క పెడతాను. పెట్టిన సుక్క పేజీలో పడతాదని మాత్రం నాను మాటివ్వలేను. మొన్న వర్షం ఒకటి సుక్క ఏడు సెంటీమీటర్లని కడితే, తెల్లారి పదిహేడు సెంటీమీటర్లయి కూకుంది. ఊరోళ్ళు పొడి సొక్కాల్తో వొచ్చి మనల్ని అడిగినారు, ఆ వాన ఎక్కడ పడిందని."

"మరేం చేద్దాం?"

"ఏటుంది. రౌండు ఫిగరిచ్చీయండి. సుఖంగా ఉంతాది."

అక్కడి నుంచి అది పద్ధతైపోయింది. నేను స్వయంగా తయారుచేసే లెక్కల్లో అంకెలు మార్చి, జవాబు నిండు సంఖ్య వచ్చేటట్టు చూసుకునేవాణ్ణి. అందులో తప్పు లేదు. కాని పాత ప్రశ్నపత్రాల్లోంచి తీసుకున్న లెక్కల్లో అంకెలు మార్చడానికి వీల్లేదు. వాటికి జవాబు భిన్నం వస్తే దగ్గరి నిండు సంఖ్యకి తెచ్చేసేవాణ్ణి. సగం కన్నా తక్కువుంటే వదిలేయడం, ఎక్కువుంటే ఒకటి కలపడం. 'సుమారుగా' అనే మాట కూడా వేసేవాణ్ణి కాదు. రెండు కాలమ్‌లలో ప్రతి పంక్తీ విలువైందే. ఆ కారణం చేతనే ఇంకోటి కూడా తీసేశాను. జవాబుని మళ్ళీ లెక్కలో పెట్టి సరిచూసే మెట్టు. బడిలో మా మాస్టారు అది లేకపోతే సగం మార్కులు కోసేవారు.

ఒక గురువారం వేసిన లెక్క ఇది. పది లీటర్ల యాసిడ్ ద్రావణం ఉంది. అందులో యాసిడ్ ఇరవై శాతం. దాన్ని ముప్పై శాతం చేయడానికి ఎంత శుద్ధ యాసిడ్ కలపాలి? చేస్తే ఎక్స్ విలువ ఏడింట పది వస్తుంది. అంటే ఒకటీ, ఏడింట మూడు. 'జవాబు: 1 లీటరు' అని వేశాను.

పది రోజులకి ఒక కార్డు వచ్చింది. గుండ్రటి, పెద్ద అక్షరాలు. ఒక్కొక్కటీ విడిగా, జాగ్రత్తగా రాసినవి.

'అయ్యా, మీ లెక్కల మూల ప్రతివారం చేయుచున్నాను. నేను బ్యాటరీ రూములో ఖలాసీని. దినమూ యాసిడ్ కలుపుదును. మీ లెక్క ప్రకారం ఒక లీటరు పోసి చూసితిని. హైడ్రోమీటరు అంత చూపుట లేదు. లీటరున్నరకి కొంచెం తక్కువ పట్టుచున్నది. నా తప్పు ఎచ్చట ఉన్నదో తెలుపగలరు. ఇట్లు, అప్పలస్వామి, గాజువాక.'

హైడ్రోమీటరంటే ద్రావణం ఎంత చిక్కగా ఉందో చెప్పే గాజు గొట్టం. ద్రావణంలో అది ఎంత పైకి తేలితే అంత చిక్కన. గొట్టం మీది అంకెని గోడకు తగిలించిన పట్టీలో చూస్తే శాతం తెలుస్తుంది. అతను కాగితం మీద లెక్క చేసి, నమ్మకం చాలక, నిజంగా పోసి చూశాడు. లీటరున్నరకి కొంచెం తక్కువ. ఏడింట పదిని అంతకంటే బాగా మాటల్లో చెప్పడం కష్టం.

నేనా కార్డు డెస్క్‌లో పైకి చదివాను. ఎవరో "వీడెవడో నీకు యాసిడ్ టెస్టే పెట్టాడు" అన్నారు. అందరం నవ్వాం. ఆ నవ్వు వేడిలోనే తరువాతి గురువారానికి లెక్కల మూల కింది పంక్తుల్లో జవాబు రాసి పంపించాను. 'అప్పలస్వామి (గాజువాక): లెక్క లెక్కే. ముందు మీ హైడ్రోమీటరు సరిచూసుకోండి.'

ఒక లీటరు పోస్తే ఎంత శాతం వస్తుందో చూడటానికి నాకు అర నిమిషం పట్టేది. చూడలేదు.

మూడు నెలలు గడిచాయి. జనవరిలో ఒక శనివారం మధ్యాహ్నం, నాకోసం ఎవరో వచ్చారంటే కిందికి దిగాను. కంపోజింగ్ గది గుమ్మం పక్కన ఒక మనిషి నిలబడి ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఖాకీ చొక్కా ముందు భాగమంతా చిన్న చిన్న చిల్లులు. యాసిడ్ చుక్కలు పడి కాలినవి. చేతిలో అట్ట వేసిన నోటుపుస్తకం.

"నమస్కారం బాబూ. లెక్కల మూల రాసీది తమరేనాండి?"

"నేనే. ఏం కావాలి?"

"నాను అప్పలస్వామినండి. గాజువాక. సొంతూరు సబ్బవరం దగ్గర. కార్డుముక్క రాసినాను గదండీ, ఐడ్రోమీటరు సంగతి. తమరు పేపర్లో జవాబిచ్చినారు."

నాకు గుర్తొచ్చింది. "సరిచూసుకున్నావా మరి?" అన్నాను. అతను నాకన్నా ఆరేడేళ్ళు పెద్దవాడు. నేను నువ్వనే అన్నాను.

"సూసుకున్నానండి. స్టోర్సోళ్ళ కాళ్ళట్టుకుని కొత్తది తెప్పించి మరీ సూసినాను. కొత్తదీ అదే సెప్పింది."

"అయితే?"

"పేపరు మాటే నమ్మినాను బాబూ. అచ్చయినాది గదా."

నోటుపుస్తకం తెరిచాడు. ప్రతి పేజీలోనూ నా లెక్కల మూల కత్తిరించి అంటించి ఉంది. దాని కింద అదే లెక్క అతని చేత్తో మళ్ళీ చేసి ఉంది. వచ్చిన పని చెప్పాడు. ఆ వారంలోనే అతనికి ట్రేడ్ టెస్ట్ జరిగింది. గట్టెక్కితే బ్యాటరీ అటెండెంటు. ఖలాసీ అంటే ఎవరు ఏం మొయ్యమంటే అది మొయ్యాలి. అటెండెంటైతే ఆ గది అతనిది.

"ఇదే బాపతు లెక్కొచ్చింది బాబూ. పదిహేను లీటర్లు, ఇరవై శాతం. ముప్పైకి తగ్గకుండా సెయ్యాల. సూడగానే నాకు నవ్వొచ్చీసింది, ఇది మన పేపరు బాబుదే గదా అని. గబగబా సేసుకుపోయినాను. ఆఖర్న రెండూ, ఏడింట ఒకటొచ్చింది. తమరెప్పుడూ ఏసినట్టే ఆ ఏడింట ఒకటి తీసీసి, రెండని రాసీసినాను."

"ఊఁ."

"ఇంజినీరు గారు పిలిపించినారు. మెట్లన్నీ రైటే గాని ఈ రెండేటి, రెండు పోత్తే ముప్పై వొస్తాదా, తగ్గకూడదన్నాను గదా అన్నారు. నాను ఈ పుస్తకం సూపించినాను. ఆయన మంచోడేనండి. సూసి, పేపరోళ్ళు రౌండు సేసి ఏసినారని ఆల్ల సేత ఒక ముక్క రాయించుకు రా, సోమారం లోపల తెత్తే మార్కులేత్తానన్నారు. మూడు మార్కులు తగ్గినాయండి నాకు."

"మళ్ళీ రాయొచ్చుగా?"

"మార్చికి ముప్పయ్యయిదు నిండిపోతాయి బాబూ. పది పాసవనోడికి ఆ పైన రాయనియ్యరు. ఇదే ఆఖరు."

అతను అడిగింది ఒక పంక్తి. ముద్ర అక్కర్లేదు. సంతకం చాలు. నా జేబులో పెన్ను ఉంది.

ఇక్కడ మా ఆఫీసులోని ఒక ఆచారం చెప్పాలి. ఇన్‌చార్జి బల్ల మీద ఎర్ర అట్ట పుస్తకం ఒకటుండేది. పేపర్లో వేసిన ప్రతి సవరణా, అది ఎవరి పొరపాటో, అందులో ఎక్కేది. ప్రొబేషన్‌లో ఉన్నవాడి పేరు మూడుసార్లు ఎక్కితే ఉద్యోగం ఖాయం కావడం ఆర్నెల్లు వెనక్కి పోతుంది. నా పేరు ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఏడాదిలో అలాంటివాణ్ణి నేనొక్కణ్ణేనని ఇన్‌చార్జి ఒకసారి అందరి ముందూ అన్నారు. ఇప్పుడు నా చేతిరాతతో ఒక కాగితం ఎవరో ఇంజినీరు చేతికి వెళ్తే, ఆయన దాన్ని మా ఆఫీసుకి పంపితే? ఒక్క లెక్కతో ఆగుతుందా? నిరుడంతా వేసిన జవాబులన్నీ బయటికి తీస్తారేమో. ఇదంతా అతను మాట్లాడుతుండగానే నా బుర్రలో తిరిగిపోయింది. అతని మూడు మార్కులు తిరగలేదు.

"చూడు, సగం కన్నా తక్కువైతే వదిలెయ్యాలి, ఎక్కువైతే ఒకటి కలపాలి. అది రూలు. తగ్గకూడదని ప్రశ్నలోనే ఉన్నప్పుడు పైకి వెళ్ళాలని నువ్వు ఆలోచించుకోవాలి. దానికి పేపరేం చేస్తుంది?"

"తప్పని రాయమనటం నేదు బాబూ. రౌండు సేసినామని రాయమంతన్నాను, అంతే. ఆ మాట అప్పుడే కింద ఉంటే నాను గమనించుకునీవోణ్ణి."

"పేపరు ఎవరికీ అలా రాసివ్వదు. మాకు రూల్సు ఒప్పుకోవు."

అలాంటి రూలు ఏదీ లేదు.

అతను పుస్తకం మూశాడు. వెళ్తాడనుకున్నాను. వెళ్ళలేదు. గుమ్మం మీద చెయ్యి వేసి, వాదించే గొంతుతో కాకుండా, తెలుసుకోవాలనుకునే గొంతుతో అడిగాడు.

"అయితే ఆ రోజు పేపర్లో వొచ్చింది రైటేనంటారా?"

"రైటే."

"మరైతే సరే బాబూ. ఎల్తాను."

అతను రోడ్డు మలుపు తిరిగేదాకా చూసి వెనక్కి తిరిగితే భూషణం కేసు ముందు నుంచి నన్నే చూస్తున్నాడు. అంతా విన్నాడు.

"ఒక ముక్క రాసిచ్చీలేకపోనారా?"

"మీకు తెలీదు భూషణం గారూ."

"నాకేటి తెలుస్తాది. నా కేసులో ముక్క నేదన్నాను గాని, మీ పెన్నులో సిరా నేదన్నానా?"

ఆ సాయంత్రం టీ కొట్టు బల్ల మీద కూర్చుని, సిగరెట్ పెట్టె చింపి, మొదటిసారిగా నా లెక్క నేను సరిచూసుకున్నాను. పది లీటర్లలో రెండు యాసిడ్. ఒకటి కలిపితే పదకొండు లీటర్లలో మూడు. ఇరవై ఏడు శాతం. ముప్పై కాదు, ముప్పైకి దగ్గర కూడా కాదు. అతని హైడ్రోమీటరు మొదటిదీ సరైనదే, రెండోదీ సరైనదే. పది వేల లీటర్ల తొట్టిలో ఏడింట మూడు వంతుల లీటరు వదిలేస్తే ఏమీ కాదు. పది లీటర్ల జాడీలో వదిలేస్తే మిశ్రమమే మారిపోతుంది. డిగ్రీ చదివినవాడికి ఇది ఎవరో చెప్పాలా?

ఆదివారం ఇంట్లో కూర్చుని ఉత్తరం రాశాను. 'మా పత్రికలో వచ్చిన జవాబు దగ్గరి నిండు సంఖ్యకు తెచ్చినది. ఆ సంగతి అచ్చులో తెలపలేదు. అప్పలస్వామి పద్ధతి సరైనది.' సంతకం పెట్టాను. సోమవారం ఉదయం దాన్ని జేబులో పెట్టుకుని బస్ కాంప్లెక్స్‌కి వెళ్ళాను. గాజువాక బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఎక్కి కూర్చున్నాను. కండక్టరు దగ్గరికి వచ్చి "ఎక్కడికండీ?" అని అడిగాడు. ఎర్ర అట్ట పుస్తకం కళ్ళ ముందు కదిలింది. "కాదు, ఇది కాదు," అని ఏదో గొణిగి దిగిపోయాను. బస్సు వెళ్ళిపోయింది. ఆ వెనకే ఇంకోటి వచ్చింది. దాన్నీ చూస్తూ నిలబడ్డాను.

మార్చిలో నా ఉద్యోగం ఖాయమైంది. అతనికి ముప్పయ్యయిదు నిండిన నెల అదే. ఇన్‌చార్జి నా చెయ్యి పట్టుకుని ఊపుతూ, మచ్చ లేని ఏడాది అన్నారు. నేను థాంక్సండీ అన్నాను.

లెక్కల మూల మరో ఏడాది రాసి, పని ఎక్కువైందని చెప్పి వదిలేశాను. ఆ ఏడాదంతా నిండు సంఖ్యలొచ్చే లెక్కలే వేశాను. నా పశ్చాత్తాపం అంతవరకే వెళ్ళింది. గాజువాక దాకా వెళ్ళలేదు.

1984లో నేను రిపోర్టింగ్‌లోకి మారాను. స్టీల్ ప్లాంటు పనులు జోరుగా సాగుతున్న రోజులు. గాజువాక నిండా కొత్త ఇళ్ళు, కొత్త కొట్లు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జనం. కార్మికులు తమంతట తాము నడుపుకునే చదువుల మీద ఒక ఆదివారం కథనం రాయమన్నారు. ఫలానా చోట రేకుల షెడ్డులో ట్రేడ్ టెస్టులకి పాఠాలు చెబుతారని ఎవరో అంటే పొద్దున్నే వెళ్ళాను.

షెడ్డులో పన్నెండు మంది దాకా ఉన్నారు. చాలామంది డ్యూటీ దిగి అటే వచ్చినట్టున్నారు. బల్లలు లేవు, నేల మీదే కూర్చున్నారు. గోడకి ఆనించిన నల్లబల్ల మీద లెక్క ఉంది. దాని చివర జవాబు అంకెల్లో లేదు. అక్షరాల్లో ఉంది. 'రెండూ, ఏడింట ఒకటి.' గుండ్రటి, పెద్ద అక్షరాలు. ఒక్కొక్కటీ విడిగా.

చెబుతున్న మనిషి జుట్టు నెరిసింది. చొక్కాకి చిల్లులు అలాగే ఉన్నాయి.

"బావా, ఏడింట ఒకటి ఎలా పొయ్యాల? జాడీ మీద అలాటి గీత నేదు గదా," అన్నాడు ముందు వరసలోంచి ఒకతను.

"నేదు. అందుకే ముందు కాయితమ్మీద ఉన్నదున్నట్టు రాయి. ఆ తరవాత జాడీ కాడికి రా. తగ్గకూడదన్నారనుకో, పై గీత దాకా పొయ్యి. మించకూడదంటే కింద గీత కాడ ఆపీయి."

"ఎవుడూ ఏటీ సెప్పకపోతే?"

"అడుగు. నోరుంది గదా, టీ తాగడానికేనేటి?"

అందరూ నవ్వారు. నేను దాదాపు రెండేళ్ళు రాసిన లెక్కల మూలలో ఈ నాలుగు మాటలు ఎక్కడా లేవు. జవాబుని ఎటు జరపాలో అంకె చెప్పదు, దాని కోసం ఎదురుచూస్తున్న పని చెబుతుంది. అతను అది మూడు మార్కులు పోగొట్టుకుని నేర్చుకున్నాడు.

నన్ను చూడగానే గుర్తుపట్టాడు. నేను తప్పుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

"రండి బాబూ, రండి. ఒరే, లేచి సోటివ్వండిరా. ఈ బాబేరా నాకు ఎక్స్ నేర్పినారు."

వాళ్ళు లేచి నిలబడ్డారు. ఆ క్షణం నేను ఎటు చూశానో నాకు గుర్తు లేదు. అతనింకా ఖలాసీయేనని, అతని దగ్గర చెప్పించుకున్నవాళ్ళలో ఇద్దరు అదే గదిలో అటెండెంట్లయ్యారని, వాళ్ళు చెప్పిన జాడీలే అతను మోస్తున్నాడని మాటల్లో తెలిసింది. అతను చెప్పలేదు. బావా అని పిలిచినతను చెప్పాడు.

పాఠం అయ్యాక అప్పలస్వామి పాత నోటుపుస్తకం తీసుకొచ్చి చూపించాడు. అట్ట ఊడిపోతే గుడ్డతో కుట్టాడు. నా ప్రతి రౌండు జవాబు పక్కనా, పెన్నుతో, అసలు జవాబు మాటల్లో రాసి ఉంది. ఒకటీ, ఏడింట మూడు. నాలుగూ, తొమ్మిదింట రెండు. ఆరూ, మూడింట రెండు.

"సిన్న సందేగం బాబూ. అంకెల ముక్కల్లేవని అప్పట్లో మీ ఫోర్మన్ గారు గుమ్మం కాడ సెప్పినారు నాకు. అక్షరాలున్నాయి గదా. ఇలా మాటల్లో ఏసీలేకపోయినారా?"

తెలుగు పేపర్లో పనిచేస్తూ, ఏడింట మూడు అని తెలుగులో రాయొచ్చని నాకు తట్టలేదు.

ఇంకో పేజీ తిప్పాడు. అందులో లెక్క లేదు. పేజీ మధ్యలో, నాలుగు వైపులా ఎర్ర గీత గీసి, ఒక చిన్న ముక్క అంటించి ఉంది. 'అప్పలస్వామి (గాజువాక): లెక్క లెక్కే. ముందు మీ హైడ్రోమీటరు సరిచూసుకోండి.'

"ఇదెందుకు దాచారు?" అన్నాను.

"నా పేరు పేపర్లో పడింది అదొక్కపాలే గదండీ."

ఆ తరువాత నేను దాచలేదు. ఆ లెక్క తప్పని, ఆయన కార్డు రైటని, ఆ శనివారం నాకు రూలేదీ అడ్డు లేదని, ఉత్తరం రాసి బస్సెక్కి దిగిపోయానని చెప్పాను. ఆయన నల్లబల్ల తుడిచే గుడ్డ దులుపుతూ విన్నారు.

"లెక్క తప్పని నాకు తెలుసు బాబూ. రోజూ పోసీవోణ్ణి గదా. మీకు తెలుసో నేదో తెలవక ఆ రోజు అడిగినాను. రైటే అన్నారు." గుడ్డ బల్ల అంచున వేసి, "బస్సు సంగతి ఇప్పుడే తెలిసింది," అన్నారు.

"ఏం చెయ్యమంటారు?"

"నాకేటి సేత్తారు ఇప్పుడు. ఆ లెక్క నమ్మినోళ్ళు ఇంకా ఎంతమందున్నారో. పేపర్లో ఏసీయండి."

వేశాను. ఆరేళ్ళ కిందటి లెక్కకి సవరణ ఏమిటని డెస్క్‌లో నవ్వారు. ఎర్ర అట్ట పుస్తకంలో నా పేరు నేనే రాసుకున్నాను. అప్పటికి ఆ పుస్తకానికి ఎవరూ భయపడటం లేదు. కాగితం భూషణానికి ఇచ్చాను. రిటైరయ్యాక కూడా పిలిపించుకుని పని చేయించుకుంటున్నారతని చేత. చదివి, కళ్ళద్దాలు పైకి జరిపాడు.

"ఇందులో అంకె ఒక్కటీ నేదు. ఈ మాటలన్నీ అప్పుడూ నా కేసులోనే ఉన్నాయి బాబూ."

సవరణ ఆరో పేజీ అడుగున మూడు పంక్తుల్లో వచ్చింది. ఆ పేపరు పట్టుకుని మర్నాడే గాజువాక వెళ్ళాను. ఈసారి బస్సు దిగలేదు. అప్పలస్వామి గారు షెడ్డు గుమ్మంలోనే నిలబడి చదివారు. నెమ్మదిగా, వేలు పెట్టుకుని, చివరిదాకా. మళ్ళీ మొదటి నుంచి చదివారు. కాగితం మడిచారు.

"బావుంది బాబూ," అన్నారు. "నా పేరు నేదు గదా ఇందులో."

లేదు. 'ఫలానా తేదీ నాటి లెక్కలో పొరపాటు దొర్లింది, సరైన జవాబు ఇది' అని రాయడమే మా అలవాటు. తప్పు పట్టుకున్న పాఠకుడి పేరు సవరణలో వేయం. ఎందుకు వేయమో ఎవరూ అడగరు, నేనూ అడగలేదు. ఆయన్ని వెక్కిరించినప్పుడు పేరు, ఊరు అన్నీ గుర్తుపెట్టుకుని వేశాను. ఆయన మాట నిజమని ఒప్పుకున్నప్పుడు ఆ పేరు రాయాలని తోచలేదు. మళ్ళీ వేయిస్తానన్నాను. "ఒద్దు బాబూ, ఒకపాలి సాలు, నవ్వుతారు," అన్నారు. నేను ఒత్తిడి చేయలేదు. అది కూడా నా లెక్కలోకే వస్తుంది.

ఆ తరువాత డెస్క్‌కి తిరిగి వచ్చి చాలా ఏళ్ళు పనిచేశాను. నా చేతి మీదుగా వెళ్ళిన ప్రతి సవరణలోనూ, ఆ తప్పు మాకు చూపించినవాళ్ళ పేరు వేయించాను. స్థలం లేదంటే నా వార్త కోసుకోమన్నాను. కొత్తగా చేరినవాళ్ళు అంకెలు పట్టుకొస్తే, ఈ అంకె ఎవరికి కావాలి, ఇందులో నువ్వు వదిలేసిన ముక్క వాళ్ళకి ఎంత అని అడిగేవాణ్ణి. చాదస్తమనుకునేవాళ్ళు. ఇదంతా చేసినా ఆ మూడు మార్కులు పూడలేదు. అప్పలస్వామి గారు ఖలాసీగానే రిటైరయ్యారు. ఎర్ర గీత గీసిన ఆ పేజీ నా కళ్ళ ముందు నుంచి పోలేదు. నేను వేయవలసిన సవరణ ఇంకా బాకీ ఉంది కనుక, ఇక్కడ వేస్తున్నాను.

ఇరవై శాతం యాసిడ్ ఉన్న పది లీటర్ల ద్రావణాన్ని ముప్పై శాతం చేయడానికి కలపవలసిన శుద్ధ యాసిడ్ ఒకటీ, ఏడింట మూడు లీటర్లు. ఒక లీటరని నేను తప్పు రాశాను. లీటరున్నరకి కొంచెం తక్కువని ముందే సరిగ్గా చెప్పినవారు అప్పలస్వామి, బ్యాటరీ రూము ఖలాసీ, గాజువాక. ఆయన హైడ్రోమీటరులో ఏ లోపమూ లేదు.